కాళ్ళ కొలతలు

మీటింగులో నేనడిగింది ఒక్కటే మాట:
"పిలకాయలకి తాగే నీళ్ళు ఎవరు తెస్తారబ్బా?"
అంతే.
ముప్పై తలకాయలు నా వైపు తిరిగినాయి.
కోచ్ ఢిల్లీబాబు నోటుబుక్కొకటి నా చేతిలో పెట్టి
చేతులు దులుపుకున్నాడు.

ఆ పొద్దు నుంచి నా పేరు పోయింది.
పద్దెనిమిది ఫోన్లలో నేను 'ఫుట్‌బాల్ అక్క'ని.
నా ఫోన్లో వాళ్ళూ అంతే:
గోల్‌కీపర్ వాళ్ళ నాయన,
ఎడమకాలు వాళ్ళమ్మ,
బూట్ల బాకీ మూడొందలు.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగేసరికి నాలుగు.
చేతులెంత కడిగినా తోతాపురి వాసన పోదు.
ఆ చేతుల్తోనే నిమ్మకాయలు కోస్తా,
ఉప్పు పొట్లం కడతా,
వాచ్‌మన్ కుప్పస్వామిని బతిమాలి
గ్రౌండు గేటు తీయిస్తా.
బతిమాలడమంటే,
అరకట్ట బీడీలు.

జెర్సీలు కుట్టిస్తానని ముందుకొచ్చినాడు
మార్కెట్‌లో బెల్లం మండీ ఓనరు.
నెంబర్లకంటే పెద్దగా వీపున మండీ పేరు.
మొదటి వానకే రంగు దిగి
పద్దెనిమిది వీపులూ పాకం పట్టినట్టయినాయి.
నెంబరు మాత్రం మాసిపోయింది,
మండీ పేరు చెక్కుచెదరలా.

ఆట నాకు తెలీదు.
ఆఫ్‌సైడంటే ఏందో నా కొడుకు హేమాద్రి
కందిగింజలు బండమీద పేర్చి నాలుగుసార్లు చెప్పినాడు.
ఐదోసారికి వాడికే విసుగొచ్చి
గింజలన్నీ ఎత్తి డబ్బాలో పోసేసినాడు.

నాకు తెలిసినవి వేరే.
ముబారక్‌కి కిటికీ పక్క సీటు లేకుంటే వాంతి.
జాన్ వెస్లీ ఆదివారం ప్రార్థన ముగిసేదాకా రాడు,
వచ్చినాక ఆగడు.
మునిశేఖర్ 'ఆకలి కాలేదక్కా' అంటే
వాళ్ళింట్లో పొద్దున పొయ్యి ముట్టించలేదని.
వాడికి ఇడ్లీలు అడిగి పెట్టకూడదు,
"మిగిలిపోయినాయి, పారేయాలా?" అని కసరాల.

ఎవరి కాలు ఎంతో కూడా తెలుసు.
పాత బూట్లు అడిగి తెచ్చి, సైజు చూసి పంచేది నేనే కదా.
ఈ వయసు పిలకాయల కాళ్ళు
నెలకొక నెంబరు తోసుకుంటా పోతాయి.
చెరిపి రాసి, చెరిపి రాసి
కాగితం పలచబడి అవతలి పేజీ అగుపిస్తా ఉండాది.

మదనపల్లి మ్యాచ్.
చీకటితోనే వ్యాను, వెనక నీళ్ళ క్యాన్లు, ఇడ్లీ డబ్బా,
డబ్బా మీద కాళ్ళు పెట్టొద్దని నా అరుపులు.
సగం ఆట అయినాక
బెంచీ మీదున్న హేమాద్రిని దించినాడు ఢిల్లీబాబు.
వాడు పరిగెత్తడం నాకు నచ్చలేదు.
నిప్పుల మీద నడిచినట్టు ఆ ఎగరడమేంది?
"ఒళ్ళు వంచి ఉరకరా!" అని అరిచినాను.
పదినిమిషాలకే బయటికి పిలిచినారు.
వాడు నా దగ్గరికి రాలేదు,
నీళ్ళ క్యాను దగ్గరికి పోయినాడు.

రాత్రి గడపలో కూర్చుని బూట్లు విప్పుతుంటే
చూసినాను.
బొటనవేలి గోరు నేరేడుపండు.

"ఎన్నాళ్ళయ్యిందిరా?"
"రెణ్ణెల్లు."
"నోట్లో నాలుక లేదా? చెప్పకూడదా?"
"బుక్కులో నాలుగని రాసినావు కదమ్మా."

లైటు కింద తెరిచి చూస్తే
పదిహేడు పేర్ల పక్కన పెన్సిలు మరకలు.
వాడి పేరు పక్కన మాత్రం
మొదటిరోజు సిరాతో రాసిన నాలుగు,
తళతళలాడతా,
ఎవురూ ముట్టుకోని నాలుగు.

ఇంట్లో ఉండే కాలే కదా అనుకున్నానేమో.
అనుకోను కూడా లేదేమో.

ఏమనాలో తోచక
వాడి పాదం తెచ్చి ఖాళీ పేజీ మీద పెట్టి
చుట్టూ గీత గీసినాను.
పేజీ చాలలేదు.
నల్లబడిన వేలు పైనున్న ఎర్రగీత దాటి
బండమీదికి పోయింది.

"ఆఫ్‌సైడమ్మా," అన్నాడు వాడు.

అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు గానీ
తల ఊపినాను.